గోధుమ పడని పిల్లలకు ఏం పెట్టాలి?

గోధుమ బలమైన ఆహారమని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. జ్వరం తగ్గి లేచినవాడికి బ్రెడ్డు ముక్క, చక్కెర జబ్బు వచ్చిన తాతకు రాత్రిపూట పుల్కా, బక్కచిక్కిన పిల్లవాడికి బిస్కెట్లు, పాలలో మాల్టు పొడి - ఇవన్నీ ఇప్పుడు పల్లెల్లో కూడా మామూలైపోయాయి. అటువంటి గోధుమ కొందరు పిల్లల పేగును లోపల్నుంచి పాడుచేస్తుందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. మా ఇంట్లోనూ మొదట ఎవరూ నమ్మలేదు. ఆ జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. దాన్ని నయం చేసే మాత్ర లేదు, సూది లేదు, ఆపరేషను లేదు. ఉన్నదల్లా పథ్యం ఒక్కటే. అదీ నలభై రోజులో ఆర్నెల్లో కాదు, జీవితాంతం. ఆ పథ్యాన్ని మన తెలుగు వంటింట్లో, అందులోనూ పల్లెటూరి వంటింట్లో, ఎట్లా జరపవచ్చునో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. నేను డాక్టర్ని కాను. బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం చదువుతున్న రైతు బిడ్డను. మా అక్క కొడుక్కి ఈ జబ్బు ఉంది కాబట్టి పుస్తకంలో చదివింది పొయ్యి దగ్గర సరిచూసుకునే అవకాశం దొరికింది. అంతవరకే నా అర్హత.

ముందుగా గ్లూటెన్ అంటే ఏమిటో కళ్ళతో చూడాలి. గుప్పెడు గోధుమ పిండిని నీళ్ళతో గట్టిగా ముద్ద కలిపి, అరగంట నానబెట్టి, తర్వాత గిన్నెడు నీళ్ళలో ఆ ముద్దను మెల్లగా పిసుకుతూ కడగండి. నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. అది పిండిపదార్థం. నీళ్ళు మార్చి మార్చి కడిగితే చివరికి చేతిలో బూడిదరంగు ముద్ద ఒకటి మిగులుతుంది. లాగితే రబ్బరులాగా సాగుతుంది, వదిలితే మళ్ళీ ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్, గోధుమలోని మాంసకృత్తుల ముద్ద. ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే ఆయన 1728లోనే దీన్ని ఇట్లా వేరుచేసి చూపించాడు. ఖర్చు లేని ప్రయోగం, ఏ ప్రయోగశాలా అవసరం లేదు. పుల్కా పొంగడానికీ, బ్రెడ్డు మెత్తగా రావడానికీ, పరోటా పొరలు పొరలుగా సాగడానికీ ఈ జిగురే కారణం. జొన్నపిండికి ఈ జిగురు లేదు కనుకనే మన ఆడవాళ్ళు వేడినీళ్ళు పోసి కలిపి, చేత్తో తట్టి రొట్టె చేయాల్సి వస్తుంది. ఆ కష్టమే సీలియాక్ పిల్లవాడికి రక్ష.

గ్లూటెన్‌లో ప్రోలీన్, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాలు చాలా ఎక్కువ. మన జీర్ణరసాలలోని ఎంజైములు వీటిని పూర్తిగా తెంచలేవు. తెగకుండా మిగిలిన పెద్ద తునకలు అందరి కడుపులోనూ ఉంటాయి, మనకేమీ చెయ్యవు. కాని డి.క్యు.2, డి.క్యు.8 అనే జన్యు రకాలు ఉన్నవాళ్ళలో కొందరికి వాటివల్ల చిక్కు వస్తుంది. పేగు గోడలో ఉండే ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము ఆ తునకలను కాస్త మారుస్తుంది. మారిన తునకను దేహ రక్షణ వ్యవస్థ శత్రువనుకుని యుద్ధం మొదలుపెడుతుంది. యుద్ధం జరిగేది మాత్రం సొంత పొలంలో. చిన్నపేగు లోపలి పొర మీద వేలకు వేలు సన్నని వేళ్ళలాగా ఆంత్రచూషకాలు ఉంటాయని ఇంటర్మీడియట్‌లోనే చదువుకున్నాం. ఆహారసారాన్ని పీల్చుకునేవి అవే. ఈ జబ్బులో అవి కురచబడి, చివరికి చదునైపోతాయి. పైరుకు వేరు కుళ్ళితే ఎంత ఎరువు వేసినా ప్రయోజనం ఉండదు గదా, అట్లాగే ఆ పిల్లవాడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. పొట్ట ముందుకు వస్తుంది, పిరుదులు, కాళ్ళు చేతులు చిక్కిపోతాయి, విరేచనం పాలిపోయి, జిడ్డుగా, కంపుగా అవుతుంది. ఎప్పుడూ చిరాకు. కొందరికి విరేచనాలే ఉండవు. ఎత్తు పెరగకపోవడం, ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా తగ్గని రక్తహీనత, నోటిపూత, ఆఖరికి మలబద్ధకం రూపంలో కూడా ఇది బయటపడుతుంది.

ఏ ధాన్యాలు మానాలో గుర్తుంచుకోవడానికి వృక్షశాస్త్రం పనికివస్తుంది. వరి, జొన్న, గోధుమ, మొక్కజొన్న అన్నీ గడ్డి కుటుంబానివే అయినా, గోధుమ, బార్లీ, రై అనే మూడూ ఆ కుటుంబంలో ఒకే తెగవి. అన్నదమ్ముల పిల్లల్లాంటివి. ముగ్గురి మాంసకృత్తులూ ఒకే పోలిక. ఈ మూడూ పూర్తిగా మానాలి. ఓట్స్ దూరపు బంధువు. స్వతహాగా చాలామంది పిల్లలకు హాని చెయ్యదుగాని, బజారులో దొరికేదాంట్లో గోధుమ, బార్లీ గింజలు కలిసి ఉండడం మామూలు. పైగా కొద్దిమందికి ఓట్సే పడదు. డాక్టరు చెప్పేదాకా దాని జోలికి పోకపోవడం మేలు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరికె, ఊద, మొక్కజొన్న ఇంకా దూరపువి, వీటిలో హాని చేసే గ్లూటెన్ లేదు. పప్పుధాన్యాలు, వేరుశనగ, నువ్వులు, దుంపలు, సగ్గుబియ్యం, కూరలు, పండ్లు, పాలు, గుడ్లు, మాంసం, చేపలు గడ్డి జాతివే కావు, వాటికి చింత లేదు. ఈ వరుస చదివితే ఇదంతా మా తాతలు తిన్న తిండే గదా అనిపిస్తుంది. నిజమే.

ఈ జ్ఞానం సులభంగా రాలేదు. లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు 1887లో ఒక ఉపన్యాసంలో ఈ జబ్బును స్పష్టంగా వర్ణించి, నయమయ్యే మార్గం ఉంటే అది ఆహారంలోనే ఉండాలని చెప్పాడు. దిక్కు సరిగ్గా పట్టుకున్నాడు. కాని అన్నం, సగ్గుబియ్యం వద్దన్నాడు, బాగా కాల్చిన పలుచని రొట్టె ముక్క పెట్టవచ్చన్నాడు! సరిగ్గా తలకిందులు. ఆల్చిప్పల మాంసం పెడితే ఒక బిడ్డ బాగా కోలుకుందనీ, వాటి కాలం అయిపోగానే మళ్ళీ జబ్బు తిరగబెట్టిందనీ కూడా రాసిపెట్టాడు. తర్వాత 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు బాగుపడ్డారు. అరటిపండులో మహిమ ఉందని ఆయన అనుకున్నాడు. అసలు సంగతి, అరటిపండు తింటున్నంత కాలం రొట్టె తినలేదు, అంతే.

ముడి విప్పినవాడు హాలండ్‌లో విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరు. 1930ల నుంచే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణ కింద ఆ దేశంలో కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు, జనం తులిప్ గడ్డలు కూడా ఉడకేసుకుని తిన్నారు. దేశమంతా చిక్కిపోతుంటే ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. విమానాల్లో రొట్టె వచ్చి పడగానే మళ్ళీ జబ్బుపడ్డారు. యుద్ధం తర్వాత డికె, వైయర్స్, వాన్ డె కామెర్ అనే ముగ్గురు కలిసి, పిల్లలకు ఒక్కొక్క ధాన్యం పెట్టి, విరేచనంలో పోయే కొవ్వును తూచి, దోషం గోధుమ, రై ధాన్యాలదేనని తేల్చారు. డికె సిద్ధాంత గ్రంథం 1950లో వచ్చింది. ఎంత గొప్ప పరికరం ఉంది వాళ్ళ దగ్గర? చూసింది రాసిపెట్టుకునే ఓపిక, ఒక తక్కెడ.

నేను ఈ కథ చదివినప్పుడు మా అవ్వ మాట గుర్తుకొచ్చింది. మా బావ సైన్యంలో పనిచేస్తాడు. అక్కా పిల్లవాడూ ఆయనతోపాటు ఉత్తరాదిన క్వార్టర్లలో ఉండేవాళ్ళు. పిల్లవాడు ఏడాది నిండగానే పాలలో నానబెట్టిన రొట్టె తినడం మొదలుపెట్టాడు. ఏడాదిన్నరకు విరేచనాలు, పొట్ట, కాళ్ళు చేతులు పుల్లలు. మందులు మారేవి, డాక్టర్లు మారేవాళ్ళు. వేసవికి మా ఊరికి తీసుకొస్తే ఆ రెండు నెలలూ రాగి సంగటి, పప్పన్నం, మజ్జిగ తిని బుగ్గలు తేలేవాడు. తిరిగి పోయాక మళ్ళీ మామూలే. "మన నీళ్ళు పడినాయి, ఆ ఊరి నీళ్ళు పడల్యా" అనేది అవ్వ. అవ్వ చూసింది నూటికి నూరుపాళ్ళు నిజం. దోషం నీళ్ళది కాదు, రొట్టెది. మూడేళ్ళు నిండాక అక్కడే ఒక పెద్ద డాక్టరు పరీక్షలు చేయించి జబ్బు పేరు చెప్పాడు.

ఇది ఉత్తరాది జబ్బు, మనకు రాదు అని ఎవరైనా అనుకుంటే ఒక లెక్క చెబుతాను. 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో దేశంలోని మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్ళను పరీక్షించారు. ఉత్తరాదిన నూటికి 1.23 మందికి, ఈశాన్యంలో 0.87 మందికి, దక్షిణాదిన 0.10 మందికి ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు రక్తంలో కనబడ్డాయి. అంటే మనవైపు వెయ్యికి ఒకరు. కాని ఇందాక చెప్పిన జన్యు రకాలు ఉన్నవాళ్ళు ఉత్తరాదిన నూటికి 38 మంది అయితే దక్షిణాదిన 36 మంది. పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది కంచంలో. అక్కడ రోజుకు మనిషి తినే గోధుమ సగటున 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. విత్తనం రెండు చోట్లా ఉన్నట్టే, నీరు పారేచోట మొలుస్తున్నది. తేడా అంతా గోధుమదేనని ఈ ఒక్క లెక్కతో తేల్చలేం గాని, మన ఇళ్ళలో గోధుమ ఏటేటా పెరుగుతున్నది కాబట్టి మన డాక్టర్లూ, మనమూ ఈ జబ్బు పేరు తెలుసుకుని ఉండడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అనుమానం వచ్చింది కదా అని ముందే గోధుమ మాన్పించకూడదు. రక్తంలో ట్రాన్స్‌గ్లుటామినేజ్‌కు వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలను చూసి జబ్బును పసిగడతారు. తర్వాత గొట్టం వేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. రక్తపరీక్షలో అంకె చాలా ఎక్కువగా ఉంటే, ఇంకొక పరీక్షతో సరిచూసుకుని, ముక్క తియ్యకుండానే నిర్ణయించడం కూడా ఉంది. ఏదైనా, గోధుమ మానేశాక పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. అప్పుడు జీవితమంతా అనుమానమే. మా అక్కకు కూడా బంధువులు "మానేసి చూడరాదా" అని సలహా ఇచ్చారు. పరీక్షలు అయ్యేదాకా రొట్టె పెడుతూనే ఉండమని ఆ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏడుస్తున్న బిడ్డకు జబ్బు చేసే తిండే పెట్టడం ఎంత కష్టమో తల్లికే తెలుసు.

జబ్బు తేలాక అక్క పిల్లవాడితో మా ఊరికే వచ్చేసింది. ఊళ్ళో తినేది అన్నమూ సంగటే గదా, ఇక పథ్యమేముంది అని అందరమూ నిశ్చింతగా ఉన్నాం. విరేచనాలు కట్టాయి, బరువు పెరిగాడు. కాని ఆర్నెల్లకు చేసిన రక్తపరీక్షలో అంకె తగ్గవలసినంత తగ్గలేదు. గోధుమ ఎక్కడి నుంచో లోపలికి పోతున్నదన్నమాట. సెలవుల్లో నేను ఇంటికి వెళ్ళి నోటుబుక్కు పెట్టుకుని, వారం రోజులు వాడి నోట్లోకి పోయే ప్రతి వస్తువూ రాశాను. అన్నం పెట్టే ఇంట్లో గోధుమ ఎన్ని దారులలో వస్తుందో అప్పుడు తెలిసింది.

మొదటిది ఇంగువ. నమ్మరు గాని, బజారులో డబ్బాల్లో అమ్మే ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే. మిగిలింది బంక, మైదా లేక గోధుమ పిండి. కొన్నింటిలో బియ్యప్పిండి కలుపుతారు, అవి పరవాలేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. తాలింపులో, చారుపొడిలో, సాంబారు పొడిలో, ఆవకాయలో, కొన్న అప్పడాల్లో, అన్నింటిలోనూ అదే ఇంగువ. మా ఇంట్లో ఇప్పుడు తాలింపుకు వెల్లుల్లి.

రెండోది రవ్వ. తెలుగులో ఈ ఒక్క మాట కింద ఎన్ని ధాన్యాలు దాక్కుంటాయో చూడండి. ఇడ్లీ రవ్వ బియ్యంది, పెట్టవచ్చు. ఉప్మా రవ్వ, బొంబాయి రవ్వ, సూజీ రవ్వ మూడూ గోధుమే, పనికిరావు. కాబట్టి రవ్వదోసె, రవ్వకేసరి, రవ్వలడ్డు వద్దు. బియ్యపు నూకతో ఉప్మా, జొన్న రవ్వ, మొక్కజొన్న రవ్వ మంచివి. పెసరట్టు మంచిదే, అందులో ఉప్మా పెట్టి మడిచిస్తే మాత్రం చెడ్డది. సేమ్యా సాధారణంగా గోధుమదే. బియ్యపు సేమ్యా, రాగి సేమ్యా అంటూ అమ్మేవాటిలో కూడా గోధుమ కలిసి ఉండవచ్చు, చదివి కొనాలి. "రవ్వ వేశావా?" అని అడిగితే లాభం లేదు, "ఏ గింజ రవ్వ?" అని అడగాలి. మా అక్క ఇప్పుడు పెళ్ళిళ్ళలో వంటవాళ్ళను అట్లాగే అడుగుతుంది. వాళ్ళు విసుక్కుంటారు, ఆమె వినిపించుకోదు.

మూడోది పిండి మిషను. ఇది చాలామందికి తోచదు. ఊళ్ళో మిషను ఒకటే. మన ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని పోతారు. రాళ్ళ మధ్య, గొట్టంలో మిగిలిన పిండి మన రాగుల్లో, జొన్నల్లో కలుస్తుంది. మొదట వచ్చే రెండు గుప్పిళ్ళలోనే గోధుమ వాసన వస్తుంది. ఎంత కలుస్తుంది, చిటికెడే గదా అంటారు. ఆ చిటికెడు లెక్క కట్టి చూద్దాం. గోధుమ పిండి 100 గ్రాములలో గ్లూటెన్ సుమారు 8 నుంచి 10 గ్రాములు. ఒక పుల్కాకు పాతిక, ముప్పై గ్రాముల పిండి పడుతుంది. అంటే పుల్కాలో రెండు, రెండున్నర గ్రాముల గ్లూటెన్. 2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పథ్యంలో ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇస్తే పేగు పొర దెబ్బతిన్నది. అంటే ఒక పుల్కాను నలభై యాభై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. పిండి రూపంలో అర గ్రాము చాలు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్లూటెన్ రహితమని చెప్పే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. మిషను రాళ్ళు ఈ ప్రమాణానికి ఎక్కడ సరిపోతాయి? మేము అటక మీద నుంచి విసుర్రాయి దింపాం. వారానికొకసారి అవ్వా, అక్కా ఎదురెదురుగా కూర్చుని విసురుతారు. విసుర్రాయి లేనివాళ్ళు ఇంట్లో చిన్న పిండి యంత్రం పెట్టుకుని దాంట్లో గోధుమ వేయకుండా ఉండవచ్చు. బజారు శనగపిండికీ ఇదే జాగ్రత్త. పప్పు కొని ఇంట్లో పట్టుకోవాలి. గోధుమలు పోసిన గోతంలో జొన్నలు పోయకూడదు. గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టుకోవాలి.

ఇంట్లో మిగతావాళ్ళు చపాతీ తినేటట్లయితే పెనం, పీట, అప్పడాల కర్ర, జల్లెడ పిల్లవాడివి వేరే ఉండాలి. పూరీలు కాల్చిన నూనెలో వాడి గారెలు కాల్చకూడదు. మా ఇంట్లో అమ్మ తేలిక మార్గం పట్టింది: గోధుమ పిండే గడప దాటి లోపలికి రానివ్వలేదు. నాయన రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు. ఒకప్పుడు కొర్ర పండించిన మా నల్లరేగడిలో ఇప్పుడు శనగ వేస్తున్నాం, కొర్రలు ఊళ్ళోకి ప్యాకెట్లలో వస్తున్నాయి. మనవడి కోసమని పోయిన సంవత్సరం ఒక మూలన అరెకరం కొర్ర వేశాడు. లాభం కోసం వేసింది కాదు.

ఇంటి బయట వచ్చే గోధుమకు అంతులేదు. బ్రెడ్డు, బన్ను, బిస్కెట్లు, కేకులు, సమోసా, పరోటా, నూడుల్సు, మైసూరు బజ్జి, జిలేబి, గులాబ్ జామ్ అందరికీ తెలిసినవే. హార్లిక్స్ వంటి పొడుల్లో గోధుమా, మొలకెత్తిన బార్లీ రెండూ ఉంటాయి. మాల్టు అన్న మాట కనిపిస్తే బార్లీ అనుకోవాలి. జ్వరంలో ఇచ్చే బార్లీ నీళ్ళు కూడా వద్దు. సోయా సాసులో గోధుమ ఉంటుంది. మంచూరియాలో మైదా, సాసు రెండూ. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకిచ్చే బాలామృతంలో వేయించిన గోధుమ ఉంది. మామూలు పిల్లలకు అది మంచి ఆహారమే. కాని జబ్బు తెలియని సీలియాక్ బిడ్డ బరువు పెరగడం లేదని ఇంకా ఎక్కువ పెడితే? బరువు ఎందుకు పెరగలేదో చూడవలసిన అవసరం ఇక్కడే ఉంది.

పండుగలు, ప్రసాదాలు వేరే అధ్యాయం. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వ, అన్నవరం ప్రసాదమూ గోధుమ రవ్వే. మాడుగుల హల్వా గోధుమ పాలతో చేస్తారు. కాజాలు, కజ్జికాయలు మైదా. ఉగాదికి మావైపు చేసే బక్షాల పైపొరా మైదాయే. చర్చిలో ఇచ్చే రొట్టె కూడా సాధారణంగా గోధుమదే. దేవుడి ప్రసాదం ఏం చేస్తుందిలే అని పెద్దవాళ్ళు ఒక పలుకు నోట్లో పెడతారు. వాళ్ళది ప్రేమే, వాదించి లాభం లేదు. మా అవ్వకు నేను లెక్కలు చెప్పలేదు. మొదట రాసిన పిండి కడిగే ప్రయోగం పంచలో కూర్చుని ఆమె ముందే చేశాను. చివరికి మిగిలిన ముద్దను వేళ్ళతో లాగి చూసి, "ఇది బంక మాదిరి ఉందే, దీన్నా బిడ్డ పేగు అరిగించేది?" అంది. ఆ రోజు నుంచి వీధిలో ఎవరు వాడికి బిస్కెట్టు ఇవ్వబోయినా అడ్డుపడేది ఆమే. మన పిండివంటల్లో వాడికి పెట్టదగినవి తక్కువేం కాదు: అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, నువ్వుండలు, జంతికలు, పరమాన్నం, సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టె, వేరుశనగ చిక్కీ, బొరుగుల ఉండలు. వ్రతానికి మా ఇంట్లో బియ్యపు నూకతో ప్రసాదం చేశారు. స్వామి ఏమీ అనుకోలేదు.

గోధుమ మానితే సరిపోదు, దాని స్థానంలో ఏం పెడుతున్నామో కూడా చూడాలి. వట్టి తెల్లన్నంతో కడుపు నిండుతుంది గాని లోటు తీరదు. జబ్బుపడ్డ పేగు ఇనుము, కాల్షియం, ఫోలిక్ ఆమ్లం, డి విటమిను సరిగా పీల్చుకోలేక పోయి ఉంటుంది. మొదట్లో వీటిని డాక్టరు మందుల రూపంలో కూడా ఇస్తాడు. ఆహారంలో రాగిని మించింది లేదు: 100 గ్రాములలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో పది లోపే. సజ్జలో ఇనుము 6 నుంచి 8 మిల్లీగ్రాములు. కొర్రలో మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. పాల సంగతి ఒకటి ఉంది. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము ఆ చూషకాల కొనల మీదే ఉంటుంది కనుక, కొత్తలో కొందరు పిల్లలకు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది. పేగు మానేదాకా కొన్ని వారాలు పాలు తగ్గించి పెరుగు, మజ్జిగ ఇస్తే సరిపోతుంది. పాలు శాశ్వతంగా మాన్పించనక్కరలేదు. మావాడు పొద్దున రాగి జావ, లేదంటే బొరుగుల ఉగ్గాని మీద పుట్నాల పొడి, మధ్యాహ్నం అన్నం పప్పు గుడ్డు, సాయంత్రం అరటిపండో చిక్కీయో, రాత్రి జొన్నరొట్టె లేక కొర్రన్నం పాలతో తింటాడు. పట్నంలో గ్లూటెన్ రహితమని ప్రత్యేకంగా అమ్మే బిస్కెట్లు, బ్రెడ్లు ఉన్నాయి. ధర చాలా ఎక్కువ, వాటిలో పీచు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉండడం మామూలు. ఎప్పుడైనా పిల్లవాడి సరదాకు తప్ప అవి అవసరం లేదని నా అభిప్రాయం.

బడి విషయం తేలికగా తీసుకోకూడదు. మావాడు ఇప్పుడు ఒకటో తరగతి. మధ్యాహ్న భోజనం అన్నమే కాబట్టి సగం బాధ తప్పింది, తాలింపులో ఇంగువ సంగతి మాత్రం వంటమనిషిని అడిగి తెలుసుకున్నాం. చిక్కంతా పుట్టినరోజులకు పంచే కేకులూ, చాక్లెట్లతోనూ. టీచరమ్మ దగ్గర ఒక డబ్బాలో వాడి చిక్కీలు ఉంచాం. ఎవరైనా పంచినప్పుడు వాడికి అందులోంచి ఇస్తుంది, చెయ్యి చాపి వట్టి చేత్తో కూర్చోడు. "నాకు గోధుమ పడదు" అని చెప్పడం వాడికి నేర్పాం. జబ్బు అని చెబితే పక్కపిల్లలు అంటుకుంటుందని జరిగి కూర్చుంటారు. ఇది అంటువ్యాధి కాదని టీచరమ్మ చేత తరగతిలో ఒకసారి చెప్పించాం. తెలిసీ తెలియక ఒకరోజు తిన్నాడే అనుకోండి, కొట్టకూడదు, తిట్టకూడదు. కొడితే రెండోసారి దాచిపెట్టి తింటాడు. కడుపులో నొప్పి రాలేదు కదా, ఇక పడుతుందేమో అనుకోవడం ఇంకొక ప్రమాదం. నొప్పి లేకుండా కూడా పేగు లోపల దెబ్బతింటుంది. పెద్దయ్యాక తగ్గిపోతుందన్న మాట కూడా నిజం కాదు.

పథ్యం మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే విరేచనాలు, చిరాకు తగ్గుతాయి. రక్తంలో ప్రతిరక్షకాలు మామూలు స్థాయికి రావడానికి ఏడాది, రెండేళ్ళు కూడా పట్టవచ్చు. మొదట ఆర్నెల్లకు, అంకె సర్దుకున్నాక ఏడాదికొకసారి పరీక్ష చేయిస్తారు. ఎత్తు, బరువు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. ఇంగువా, పిండి మిషనూ మాన్పించిన తర్వాత మావాడి అంకె దిగుతూ వచ్చి, పోయిన పరీక్షలో మామూలుకు చేరింది. తలుపు చెక్క మీద నాయన గీసిన గీతల లెక్కన ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగాడు.

ఈ జబ్బున్న బిడ్డ అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్ళకూ, తల్లిదండ్రులకూ కూడా రక్తపరీక్ష చేయించాలి. దగ్గరి రక్తసంబంధీకుల్లో నూటికి ఏడెనిమిది మందికి ఇది ఉండవచ్చు, పైకి ఏ బాధా లేకపోయినా. మా అక్కకు, వాడి చెల్లెలికి లేదని వచ్చింది. పాప చిన్నది కనుక కొన్నేళ్ళకు మళ్ళీ చూడాలన్నారు. బావ ఈసారి సెలవుకు వచ్చినప్పుడు చేయించుకుంటానన్నాడు.